ప్లస్ టూ తర్వాత కూడా వాలీబాల్ ఆడాలా? అయితే లిఫ్టింగ్ (కొట్టేవాళ్ళకి బాలు ఎత్తి ఇవ్వడం) నేర్చుకో

ప్రశ్న: "స్కూల్ టీమ్‌లో వాలీబాల్ ఆడాను. ఈ ఏడు ప్లస్ టూ అయిపోయింది. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఇక ముందు మ్యాచ్‌లు ఆడే దారి ఉంటుందా, మానేసి చదువు చూసుకోవాలా?"

తమ్ముడూ, నీ ఎత్తే నాదీ. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, మొన్న సంక్రాంతికి కూడా టోర్నమెంటు ఆడొచ్చాను. కాబట్టి దారి ఉంది. కాకపోతే నువ్వు స్మాష్ కొట్టేవాడివైతే కష్టం. ప్రశ్నలో రాయలేదు గానీ కొట్టేవాడివే అయ్యుంటావు, స్కూల్లో అందరం కొట్టేవాళ్ళమే.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేము ఇటు పడ్డాం, చుట్టాల్లో సగం మంది ఇప్పటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఉండిపోయారు. సైకిల్ మీద వెళ్ళొచ్చేంత దూరమే, కానీ ఆటల దగ్గరికొచ్చేసరికి ఎంత తేడానో చూడు. నేను ఇక్కడ డిగ్రీ చదివాను కాబట్టి యూనివర్సిటీ తరఫున ఆడాలంటే ఈస్ట్ జోన్. మా బావ శ్రీకాకుళంలో చదివాడు కాబట్టి వాడిది సౌత్ జోన్. సెలవు రోజుల్లో ఒకే నెట్ దగ్గర ఆడుకునేవాళ్ళం ఇద్దరమూ.

స్కూల్లో ఉన్నంతకాలం అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని మెట్లు ఎక్కుతూ పోతాం. ఫారం పీఈటీ సారే నింపుతారు, బస్సు ఎక్కిస్తారు, పులిహోర పొట్లం చేతిలో పెడతారు. ప్లస్ టూ అయ్యాక కూడా మెట్లున్నాయి, కాలేజీ టీమ్, యూనివర్సిటీ, జోన్, ఆలిండియా అని, కానీ చెయ్యి పట్టుకుని ఎక్కించే సారు ఉండరు. సెలక్షన్ నోటీసు ఎప్పుడు అంటించారో ఎప్పుడు చింపేశారో కూడా తెలీదు. నేను చదివిన కాలేజీ ఏటా స్పోర్ట్స్ ఫీజు కట్టించుకుంది, మూడేళ్ళలో ఒక్క కొత్త బాలు నా కంటపడలేదు. ఒడిశా అనగానే బయటివాళ్ళు హాకీ అంటారు. నిజమే, 2018లోనూ 2023లోనూ ప్రపంచ కప్పు ఇక్కడే జరిగింది, హాకీకి పేరున్న సుందర్‌గఢ్ జిల్లా పిల్లలు దానికి తగినవాళ్ళే. మా మూలకొచ్చేసరికి కోర్టులో గడ్డి మేమే పీక్కోవాలి. సరే, ఆ ఏడుపు ఇప్పుడెందుకు.

నేను డిగ్రీ మొదటి ఏట ఉన్నప్పుడు సంక్రాంతికి పాతపట్నం దాటాక లోపల ఒక ఊళ్ళో నైట్ టోర్నమెంటు పెట్టారు. ఎంట్రీ ఐదొందలు, ఫస్ట్ ప్రైజు పదివేలు. వరి కోసేసిన మడిలో కోర్టు, సున్నంతో గీతలు, పక్కన జనరేటర్ మోత. నెట్ ఎత్తు 2.43 మీటర్లు ఉండాలి కదా, వాళ్ళ దగ్గర దానికి కొలతగా గాటు పెట్టిన వెదురు కర్ర ఉంది, ప్రతి మ్యాచ్‌కి ముందు ఒక పెద్దాయన అది పట్టుకొచ్చి రెండు చివర్లా ఆనించి చూసేవాడు. మేం ఏడుగురం వెళ్ళాం, ఏడోవాణ్ణి నేను. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే ఆడాలని రూలు, అందులో పర్లాకిమిడిని కలుపుకున్నారు. మా లిఫ్టర్ మాత్రం ఒడిశాలోనే దూరంగా ఉన్న గుణుపురం నుంచి వచ్చి దిగినవాడు. మ్యాచ్ మొదలవబోతుంటే అవతలి టీమ్ ఆబ్జెక్షన్ పెట్టింది. పెట్టింది ఎవరనుకున్నావు, మా బావే! ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కోడికూర తిని, ఎవరెవరు వస్తున్నార్రా అని అన్నీ అడిగి వెళ్ళినవాడు.

కమిటీ వాళ్ళు లిఫ్టర్ ఓటరు కార్డు అడిగారు. అడ్రసు ఒడియాలో ఉంది. ఒక్కొక్కరూ ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూస్తున్నారు, ఎవరికీ ముక్క అర్థం కాలేదు, మాకు నవ్వాగడం లేదు. ఇంతలో పర్లాకిమిడి అల్లుడు ఒకాయన జనంలోంచి వచ్చి కార్డు తీసుకుని "గుణుపురం" అని గట్టిగా చదివేశాడు. అయిపోయింది. లిఫ్టర్ బయట, నేను లోపల.

బాలు ఎత్తడం నాకేం వచ్చు? మంచుకి బాలు తడిసి సబ్బులా జారుతోంది. మొదటి సెట్లో నాలుగుసార్లు డబుల్ టచ్ (బాలు చేతులకి రెండుసార్లు తగలడం) అని విజిల్ ఊదారు, ఊదిన ప్రతిసారీ మా బావ చప్పట్లు. సెట్ పోయింది. అప్పుడు గుణుపురం ఆయన దుప్పటి కప్పుకుని గీత పక్కన కూచుని అరిచాడు, "ఏట్రా ఆ సేతులు? సేతులు తర్వాత, ముందు కాళ్ళు బాలు కిందకి రావాల!" ఇంకేం చెప్పలేదు, బాలు పైకి లేచినప్పుడల్లా "కాళ్ళు, కాళ్ళు" అనే. రెండో సెట్ మేం గెలిచాం. మూడోది 13-15తో పోయింది. ఆఖరి బాలు నెట్‌కి మరీ దగ్గరగా ఎత్తేశాను, మా బావ రెండు చేతులూ పెట్టి దించేశాడు.

ఆ ఏడంతా ఇంటి వెనక గోడకి బాలు వేసి వేళ్ళతో తీసుకోవడమే నా పని. సున్నం రాలిపోతోందని అమ్మ తిట్టని రోజు లేదు. మరుసటి ఏడు కాలేజీ సెలక్షన్లకి వెళ్తే కొట్టేవాళ్ళు పద్నాలుగు మంది లైన్లో ఉన్నారు, అందరూ నాకంటే పొడుగే. లిఫ్టర్లెవరూ అంటే నేనూ, ఇంకో కుర్రాడూ. అలా కాలేజీకి ఆడాను, యూనివర్సిటీ క్యాంపుకీ వెళ్ళాను. ఈస్ట్ జోన్‌లో ఎక్కువ బెంచీ మీదే ఉన్నాననుకో, రెండు సెట్లు మాత్రం ఆడాను.

నేను చెప్పేది ఇదే. కొట్టేవాడి ఆట వాడి మోకాళ్ళున్నంతకాలమే, ఈలోపు వాడికంటే పొడుగు కుర్రాడు ఎవడో ఒకడు వచ్చేస్తాడు. లిఫ్టర్‌కి ఆ భయం లేదు. మూడు టచ్‌లలో రెండోది వాడిది, వాడు రాకపోతే మిగతా ఐదుగురూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. అందుకే ఎక్కడ టోర్నమెంటు పడినా ముందు నాకే ఫోన్ చేస్తారు. చదువు పాడవుతుందనే మాట నమ్మకు, సాయంత్రం గంటన్నర ఆటకి పాడయ్యే చదువు ఎలాగూ పాడవుతుంది. కాలేజీలో చేరిన మొదటి వారమే స్పోర్ట్స్ ఇన్‌ఛార్జి ఎవరో కనుక్కుని నేరుగా వెళ్ళి పేరిచ్చెయ్యి. "నేను లిఫ్టర్ని సార్" అని చెప్పు, వచ్చినా రాకపోయినా.

మా బావ సంగతి అడుగుతావేమో. ముప్పై దాటగానే కుడి మోకాలు పట్టేసింది, ఆట మానేశాడు. ఇప్పుడు ఆ టోర్నమెంటు కమిటీలో వాడే పెద్ద, ఓటరు కార్డులు చూసేదీ వాడే. ఒడియా చదవడం మాత్రం ఇంకా రాలేదు.