పట్టా ఎవరిస్తారో ముందే అడుగు

పాపా,

నువ్వు ఇంజనీరింగ్ వద్దని, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో కెమిస్ట్రీ ఆనర్స్ చేస్తానన్నావని మీ నాయన నిన్న ఫోన్‌లో చెప్పినాడు. నాకు చాలా సంతోషమైంది. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

డిగ్రీ కాలేజీ ఆఫీసులోనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి, విసుక్కోకుండా విను. వెబ్ ఆప్షన్లు నువ్వే పెట్టుకో, నెట్ సెంటర్ వాళ్లకు అప్పజెప్పొద్దు. టెన్త్ మెమోలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకో. ఒరిజినల్స్ ఇచ్చే ముందు జిరాక్సులు తీసిపెట్టు. ఇవన్నీ నీకు తెలిసినవే.

కాలేజీ వేరు, యూనివర్సిటీ వేరు. ఆర్ట్స్ కాలేజీ అటానమస్ కాబట్టి పాఠాలు, పరీక్షలు వాళ్లే చూసుకుంటారు. పట్టా ఇచ్చేది మాత్రం ఇటుకలపల్లి దగ్గరున్న శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ. కాలేజీ 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైంది, యూనివర్సిటీ 1981లో వచ్చింది. అవ్వకు మనవరాలు సర్టిఫికెట్ రాసిచ్చినట్టు! యూనివర్సిటీ పట్టా ఇవ్వాలంటే కాలేజీ ముందు దాని అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి కూడా కాలేజీ మొత్తానికి ఒకేసారి దొరికేది కాదు. ఏ కోర్సుకు ఆ కోర్సుకు తెచ్చుకోవాలి.

డిగ్రీ ఎందుకు ఆపేశావని అడిగితే మీ నాయన 'చదువు ఎక్కలేదు' అంటాడు కదా. అబద్ధం. కంప్యూటర్ కోర్సులంటే జనం ఎగబడే రోజులవి. ఒక ప్రైవేటు కాలేజీ బోర్డు మీద యూనివర్సిటీ పేరు పెద్దక్షరాలతో రాసుంది. వాళ్లకు మామూలు బీఎస్సీకే అనుమతి, కంప్యూటర్స్ గ్రూపుకు లేదు. 'ఫైలు యూనివర్సిటీలో ఉంది, నేడో రేపో వచ్చేస్తుంది' అని చేర్చుకున్నారు. మా అమ్మ వేరుశనక్కాయలు అమ్మిన డబ్బు తెచ్చి ఫీజు కట్టింది. హాల్ టికెట్ల రోజు వరండాలో జాబితా అంటించినారు. మీ నాయన వేలు పెట్టి పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివినాడు. పేరు కాదు, అసలు వాడి గ్రూపే లేదు అందులో. గుమాస్తా కిటికీ మూసి భోజనానికి పోయినాడు. వీడు సాయంత్రం దాకా ఆ కిటికీ దగ్గరే నిలబడినాడంట. ఇంకో కాలేజీలో చేరరా, నేను కడతానంటే, 'ఇంట్లో ఇంకోసారి డబ్బు మాట ఎత్తలేనక్కా' అని పోయి మగ్గం గుంతలో కూర్చున్నాడు. వాడికి లెక్కలు ఎంత బాగా వచ్చేవో నీకు తెలియదు.

ప్రభుత్వ కాలేజీలో అట్లాంటిది జరగదు, నాకూ తెలుసు. అయినా పోయి అడుగు. 2023లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే ఒకే ముఖ్య సబ్జెక్టు చదివే పద్ధతి వచ్చింది కదా, మూడేళ్లకు మామూలు డిగ్రీ, నాలుగో ఏడాది చదివితేనే ఆనర్స్. మీ కెమిస్ట్రీకి ఆ నాలుగో ఏడాది అనుమతి ఉందా? 'వస్తుందిలే అమ్మా' అంటే ఊరుకోకు, కాగితం చూపించమను. లేకపోతే మూడేళ్లకే బయటికొచ్చి పీజీకి పోవచ్చు, కొంపేం మునగదు. తెలిసి చేరితే చాలు. ఈ పిల్లకు నోరెక్కువ అంటారు. అననీ.

మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది, అంటే ఊళ్లో ఒక సమస్యను చూసి రిపోర్టు రాయడం. ఎవరిదో కాపీ కొట్టి స్పైరల్ బైండింగ్ చేయించేవాళ్లను చాలామందిని చూసినాను. నువ్వట్లా చేశావో, చెవి పిండుతా. ధర్మవరంలో పుట్టినదానివి, పట్టుకు రంగులద్దిన నీళ్లు ఏ కాలువలోకి పోతున్నాయో, అందులో ఏమేం కలుస్తున్నాయో చూడు. అదే నీ కెమిస్ట్రీ.

హాస్టల్ సీటు వచ్చేదాకా మా ఇంట్లోనే ఉండు. రోజూ రైల్లో పోయొస్తుందిలే అని మీ నాయన అంటే ఫోన్ నాకియ్యి, నేను మాట్లాడతా.

మీ అత్త