ఇంగ్లిష్ హెడ్‌లైన్‌లో నిన్నటి వార్తకు ప్రెజెంట్ టెన్స్ ఎందుకు?

‘బస్ ఫాల్స్ ఇంటు గోర్జ్, 12 కిల్డ్’ అనే హెడ్‌లైన్ ఇచ్చి, ఫాల్స్ ప్రెజెంట్, కిల్డ్ పాస్ట్, ఒకే లైన్లో రెండు కాలాలేంటని ఒకరు అడిగారు. రెండు కాలాలు లేవండి. అక్కడ కిల్డ్ పాస్ట్ టెన్స్ కాదు, పాస్ట్ పార్టిసిపుల్. దాని ముందుండాల్సిన ‘వర్’ను ఎత్తేశారు, అంతే.

హెడ్‌లైన్‌లో ఎ, యాన్, ది మామూలుగా ఉండవు. ఈజ్, ఆర్, వాజ్, వర్ కూడా చాలావరకు ఉండవు. జరిగిపోయినదాన్ని సింపుల్ ప్రెజెంట్‌లో రాస్తారు. కాబట్టి ‘ఈడీ’తో ముగిసే క్రియ గానీ, హెల్డ్ లాంటి పార్టిసిపుల్ గానీ కనబడితే ముందు కర్మణి ప్రయోగమనే అనుకోండి. ‘మ్యాన్ అటాక్స్ నైబర్’లో వాడు కొట్టాడు. ‘మ్యాన్ అటాక్డ్’లో తన్నులు తిన్నాడు. ‘టూ హెల్డ్’ అంటే ఇద్దర్ని పోలీసులు పట్టుకున్నారని. పత్రిక డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

దీనికో మినహాయింపు ఉంది. ‘పైలట్ ఇగ్నోర్డ్ వార్నింగ్స్: రిపోర్ట్’ చూడండి. ఇగ్నోర్డ్ వెనకాలే వార్నింగ్స్ అనే కర్మ ఉంది కాబట్టి ఇది మామూలు పాస్ట్ టెన్సే. పైలట్ చేసిన పని ఎప్పటిదో, ఇవాళ్టి వార్త నివేదిక. అందుకే ప్రెజెంట్‌లోకి మార్చలేదు.

‘టు’ దగ్గర ఇంకో చిక్కు. ‘సీఎం టు విజిట్ ఢిల్లీ’ అంటే వెళ్లబోతున్నారని. ‘స్టేట్ మూవ్స్ సుప్రీంకోర్ట్ టు స్టాప్ టెండర్స్’లో మాత్రం టెండర్లు ఆపించడానికి కోర్టుకెళ్లిందని. ‘టు’కు ముందు క్రియ లేకపోతే భవిష్యత్తు, ఉంటే సాధారణంగా ఉద్దేశం.

కామా చాలాసార్లు ‘అండ్’ పని చేస్తుంది. ‘విల్ నాట్ రిజైన్: మినిస్టర్’లో కోలన్ తర్వాత ఉన్నది ఆ మాట అన్నాయన. వీటికంటే సింగిల్ కోట్స్ దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఇల్లీగల్ మైనింగ్ అని రాసి ఇల్లీగల్ అన్న మాటకు కోట్స్ పెట్టారంటే అది ఎవరో అంటున్న మాట, పేపర్ పూచీ కాదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ కోట్స్ ఊడగొట్టి ‘అక్రమ మైనింగ్’ అని తేల్చేస్తే ఆరోపణ కాస్తా నిర్ధారణ అయిపోతుంది.

‘స్టీల్ ప్లాంట్ ల్యాండ్ రో ప్యానెల్’ లాంటి నామవాచకాల గొలుసు చూసి భయపడక్కర్లేదు. చివరి మాటే అసలుది, మిగతావన్నీ దాని విశేషణాలు. ‘ఉక్కు ఫ్యాక్టరీ భూముల వివాదం కమిటీ’ అని మనమూ అదే వరసలో అంటాం. తంటా అంతా గొలుసు చివర నామవాచకమో క్రియో తేలని మాట వచ్చినప్పుడే. 2009లో ‘వయొలినిస్ట్ లింక్డ్ టు జాల్ క్రాష్ బ్లాసమ్స్’ అని ఒక హెడ్‌లైన్ వచ్చింది. 1985 నాటి జపాన్ ఎయిర్‌లైన్స్ (జాల్) ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న వయొలిన్ కళాకారిణి బాగా రాణిస్తోందని దాని ఉద్దేశం. చదివినవాళ్లకేమో ‘క్రాష్ బ్లాసమ్స్’ అనే పూలేవో కనబడ్డాయి! ఇలాంటి తికమక హెడ్‌లైన్లకు ఇంగ్లిష్‌లో ఆ పేరే ఖాయమైంది. ముందు చెప్పిన ‘ఈడీ’ సూత్రంతో చదివితే ముడి విడిపోతుంది: లింక్డ్ పార్టిసిపుల్, అంటే అసలు క్రియ ఇంకా రాలేదు. మిగిలింది బ్లాసమ్స్ ఒక్కటే.

పొట్టి మాటలు మాత్రం బట్టీ కొట్టాల్సిందే. నాడ్ అంటే ఆమోదం, రో అంటే గొడవ, ప్రోబ్ అంటే దర్యాప్తు, మల్స్ అంటే యోచిస్తోంది, ఫ్లేస్ అంటే దుమ్మెత్తిపోసింది. బిడ్ ప్రతిసారీ టెండరు కాదు, చాలాసార్లు ప్రయత్నం. ‘ఎస్‌సీ’ అంటే సుప్రీంకోర్టో షెడ్యూల్డ్ కులాలో పక్కమాట చూశాకే తేల్చుకోండి.

పరీక్షలో రిపోర్ట్ రాసేటప్పుడు ఈ పద్ధతి శీర్షిక వరకే. కింది మొదటి వాక్యం నుంచే పాస్ట్ టెన్స్, ఆర్టికల్స్, వాజ్, వర్ అన్నీ వెనక్కి రావాలి. ‘ఎ బస్ ఫాల్స్ ఇంటు ఎ గోర్జ్ ఎస్టర్‌డే’ అని రాస్తే మార్కులు పోతాయి.

శీర్షికలో ప్రతి ముఖ్యమైన మాటనూ క్యాపిటల్‌తో మొదలుపెట్టే పద్ధతి పాటిస్తే, మధ్యలో వచ్చే ‘ఆఫ్’, ‘ఇన్’, ‘ది’ చిన్నక్షరాల్లోనే ఉంటాయి. ‘ఈజ్’ ఎంత పొట్టిదైనా క్రియ, దానికి క్యాపిటల్ పెట్టాలి.