కలిపే ముందు విడివిడిగా చూడు

అమ్మలూ,

నీ మెయిల్ చదివాను. మీ ల్యాబ్‌లో చేసిన డెంగీ రోగుల రక్త కణాల డేటా (ఒక్కో కణంలో ఏ జీన్ ఎంత పనిచేస్తోందన్న లెక్క) ఉంది, ఆరోగ్యవంతులవి రెండు సెట్లు నెట్ నుంచి దించుకున్నావు, మూడూ కలిపి ఒక్క యూమ్యాప్, అంటే ఒకేలాంటి కణాలు పక్కపక్కన చేరే చుక్కల బొమ్మ, గీయమని మీ మేడమ్ అన్నారు. దానికి సూరా సాఫ్ట్‌వేర్ వాడాలా, స్కాన్‌పై వాడాలా అని అడిగావు. నీకు ఆర్ ప్రోగ్రామింగ్ భాష బాగా వచ్చు కాబట్టి అందులోనే నడిచే సూరా వాడు. న్యూయార్క్‌లో రాహుల్ సతీజా బృందం 2015 నుంచీ దాన్ని పెంచుకుంటూ వస్తోంది. స్కాన్‌పై జర్మనీలో ఫేబియన్ థైస్ బృందం పైథాన్‌లో చేసింది, 2018లో వచ్చింది, లక్షల కణాలున్నప్పుడు హాయిగా నడుస్తుంది. రెండూ ఉచితమే, రెండింటి కోడూ అందరికీ కనిపించేదే. దీని మీద వారం రోజులు తర్జనభర్జన పడకు.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు బెంగంతా దాని గురించే. వేర్వేరు సెట్లను కలిపే హార్మనీకో, ఎస్‌సీవీఐకో డేటా ఇచ్చి 'బ్యాచ్' (ఏ శాంపిల్ ఎక్కడ, ఏ విడతలో చేసింది) అని ఒక కాలమ్ చూపిస్తావు. ఆ కాలమ్‌లో ఉన్న తేడా చెరిపేయమని దాని అర్థం. ఆ తేడా ల్యాబ్ కిట్ కెమిస్ట్రీ వల్ల వచ్చిందా, రోగం వల్ల వచ్చిందా అన్నది సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, నువ్వు చెప్పిందే చేస్తుంది. అందుకే ముందు ఏమీ కలపకుండా యూమ్యాప్ గీసి చూడు. శాంపిల్‌ని బట్టి రంగులు వేసి ఒకటి, సీడీ3డీ, ఎమ్ఎస్4ఏ1, ఎల్‌వైజడ్ లాంటి మార్కర్లతో (టీ కణం, బీ కణం, మోనోసైట్ అనే తెల్ల రక్త కణాలను వరసగా గుర్తుపట్టించే జీన్లు) ఇంకొకటి. టీ కణాలు ఇప్పటికే అన్ని శాంపిళ్లవీ ఒకచోట చేరి ఉంటే, ఈ కలపడం, అంటే ఇంటిగ్రేషన్, అసలు అవసరమా అని ఆలోచించు.

ఇంకా ముందు, దించుకున్న మ్యాట్రిక్స్‌లో (జీన్లు, కణాల పట్టికలో) పూర్ణాంకాలు ఉన్నాయో లేదో చూడు. దశాంశాలు కనిపిస్తే వాళ్లు ఎప్పుడో నార్మలైజ్ చేసేసినట్టే (కణాలను పోల్చడానికి అంకెలు సవరించినట్టే), ముడి కౌంట్స్, అంటే సవరించని అసలు లెక్కలు, ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. జీన్ల పేర్లు కూడా పోల్చుకో. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లను 2020లో అధికారికంగానే మార్చారు. పాత సెట్‌లో పాత పేరు, కొత్త సెట్‌లో కొత్త పేరు ఉంటే, ఉమ్మడి జీన్లు తీసుకునేటప్పుడు అవి చప్పుడు లేకుండా రాలిపోతాయి. ఆడవాళ్ల శాంపిల్‌లో ఎగ్జిస్ట్ జీన్, మగవాళ్ల శాంపిల్‌లో ఆర్‌పీఎస్4వై1 వెలుగుతున్నాయేమో కూడా చూడు. అయిదు నిమిషాల పని, ట్యూబులు తారుమారైతే అక్కడే దొరికిపోతుంది. మైటోకాండ్రియా జీన్ల శాతం (ఎక్కువైతే దెబ్బతిన్న కణమని అనుమానం) 5 దాటితే తీసెయ్ అని ట్యుటోరియల్‌లో ఉందని కళ్లు మూసుకుని పెట్టకు. ఒక్కో శాంపిల్‌లో ఎలా పరుచుకుందో గీసి చూసి నిర్ణయించు.

ఇంటిగ్రేషన్ ఏం చేస్తుందో చేత్తో పట్టి చూడాలంటే సూరా వాళ్లే పాఠంగా వాడే ఐఎఫ్ఎన్‌బీ డేటా ఒకసారి నడుపు. 8 మంది లూపస్ రోగుల రక్త కణాలు, సుమారు 14 వేలు. సగానికి 6 గంటలు ఇంటర్‌ఫెరాన్ బీటా (వైరస్ వచ్చిందని కణాలను హెచ్చరించే ప్రోటీన్) ఇచ్చారు, సగానికి ఇవ్వలేదు. కలపకుండా క్లస్టర్ చేస్తే, అంటే గుంపులుగా విడదీస్తే, మోనోసైట్లు మందు తగిలినవి ఒకవైపు, తగలనివి ఒకవైపు పోతాయి. కలిపాక మోనోసైట్ పక్కన మోనోసైట్ వచ్చి నిలుస్తుంది. అప్పుడు అసలు కౌంట్స్‌కి వెళ్లి చూస్తే ఇంటర్‌ఫెరాన్‌కి స్పందించే ఐఎస్‌జీ15, ఐఎఫ్ఐ6 జీన్లు అన్ని రకాల కణాల్లోనూ పెరిగి ఉంటాయి. సీఎక్స్‌సీఎల్10 జీన్ ముఖ్యంగా మోనోసైట్లలో ఎగబాకుతుంది. ఇక సీడీ14, మోనోసైట్‌ని గుర్తుపట్టడానికి మనం వాడే మార్కరే, మందు తగిలాక తగ్గుతుంది! ఒక్క మార్కర్‌ని నమ్ముకుని పేర్లు పెట్టేవాళ్లు ఇక్కడే పొరబడతారు. డెంగీలోనూ ఇంటర్‌ఫెరాన్ జోరు ఎక్కువే కాబట్టి ఇది నీకు నేరుగా పనికొస్తుంది.

ఏ పద్ధతి మంచిదన్న దానికి ఒకటే జవాబు లేదు. 2022లో లూకెన్, థైస్ బృందం పన్నెండు లక్షలకు పైగా కణాల మీద ఇలా కలిపే పద్ధతులు చాలా పోల్చి చూసింది, అన్నిచోట్లా గెలిచినది ఏదీ లేదు. తేలికపాటి బ్యాచ్ తేడాలకు హార్మనీ బాగుంది, చిక్కుముడి డేటాకు ఎస్‌సీవీఐ లాంటివి నిలబడ్డాయి. నువ్వు హార్మనీతో మొదలుపెట్టు. అతిగా కలిపేసిందేమో పట్టుకోవడానికి నీ దగ్గరే మంచి పరీక్ష ఉంది: డెంగీ రోగుల్లో ప్లాస్మాబ్లాస్టులు (బీ కణాల నుంచి పుట్టి యాంటీబాడీలు చేసే కణాలు) విపరీతంగా పెరుగుతాయి, ఆరోగ్యవంతుల్లో దాదాపు ఉండవు. ఎమ్‌జడ్‌బీ1 జీన్ వెలిగే ఆ గుంపు కలిపాక బీ కణాల్లో కరిగిపోయిందంటే, బొమ్మ ఎంత అందంగా వచ్చినా పక్కన పెట్టెయ్.

రోగులకూ ఆరోగ్యవంతులకూ తేడా లెక్కకట్టేటప్పుడు సవరించిన అంకెలు ముట్టుకోవద్దు. హార్మనీ సరిచేసేది కణాల స్థానాలనే, కౌంట్స్‌ని కాదు. ఒక్కో మనిషికి, ఒక్కో కణ రకానికి ముడి కౌంట్స్ కూడి తేడాలు లెక్కకట్టే డీసెక్2కో ఎడ్జ్‌ఆర్‌కో ఇవ్వు. వేల కణాలున్నా నీ దగ్గరున్నది ఆ కొద్దిమంది మనుషులే. కణాన్నే శాంపిల్‌గా లెక్కేస్తే లేని తేడాలు వందల్లో పుట్టుకొస్తాయి, 2021లో దీన్ని గట్టిగా నిరూపించారు కూడా.

ఇప్పుడు అసలు చిక్కు. రోగులంతా మీ ల్యాబ్‌లో, ఆరోగ్యవంతులంతా వేరే దేశంలో, వేరే చేతులతో, వేరే కిట్‌తో. నీ డేటాలో బ్యాచ్, రోగం రెండూ ఒకటే కాలమ్. వాటిని విడదీసే సాఫ్ట్‌వేర్ లేదు, రాదు కూడా. కణాలకు పేర్లు పెట్టుకోవడానికి ఆ పబ్లిక్ సెట్లు భేషుగ్గా పనికొస్తాయి, కానీ రోగం వల్ల ఏం మారిందో చెప్పడానికి సరిపోవు. మీ ల్యాబ్‌లోనే, అదే కిట్‌తో, కనీసం నలుగురు ఆరోగ్యవంతుల శాంపిళ్లు కావాలని మీ మేడమ్‌ని అడుగు. ఖర్చని మొహమాటపడకు. పేపర్ పంపాక రివ్యూయర్ అడిగేదాకా ఆగితే ఆ ఖర్చుకి ఏడాది టైమ్ కూడా తోడవుతుంది.

కోడ్ తర్వాత చూద్దాం. ముందు శాంపిళ్ల పట్టిక పంపు: ఎవరిది, జ్వరం ఎన్నో రోజు, ఏ తేదీన తీశారు, ఏ కిట్, ఎవరు చేశారు. ఆదివారం కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
పిన్ని