మాస్టారి బల్ల: సర్క్యూట్లో కరెంటు లెక్కలు

గత సంచికలో ఇచ్చిన లెక్క మీదే ఈసారి ఉత్తరాలన్నీ. లెక్క ఇది: 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) సిరీస్‌లో, అంటే అదే దారిలో వరసగా, ఉంది. దాని తర్వాత 6 ఓమ్‌లు, 12 ఓమ్‌ల రెసిస్టర్లు రెండూ ఒకదానికొకటి ప్యారలల్‌గా, అంటే పక్కపక్కన రెండు దారులుగా, ఉన్నాయి. 6 ఓమ్‌ల దానిలో కరెంటు ఎంత?

ప్రశ్న: మాస్టారూ, 12ని 6తో భాగిస్తే నాకు 2 ఆంపియర్లు వచ్చింది. మీరేమో జవాబు 1 ఆంపియర్ అని వేశారు. ఓమ్ నియమం (వోల్టేజిని రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు) సరిగ్గానే వాడాను కదా, మీది అచ్చుతప్పా?
- ఒక విద్యార్థిని

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. అడగడం మాత్రం మంచి పని చేశావు. నీ ఓమ్ నియమానికి ఏ దోషమూ లేదు, అందులో వేసిన వోల్టేజిలోనే ఉంది చిక్కంతా. 12 వోల్టులనేది బ్యాటరీ రెండు కొసల మధ్య లెక్క. 6 ఓమ్‌ల రెసిస్టర్ కొసల మధ్య ఎంత ఉందో నేనెక్కడా చెప్పలేదు. పెన్సిలు పట్టుకుని బ్యాటరీ ప్లస్ కొస నుంచి తీగ వెంట బయల్దేరు. 6 ఓమ్‌ల దాన్ని చేరేలోపు దారిలో 4 ఓమ్‌లు తగులుతుంది. అది తన వాటా వోల్టులు తీసుకోకుండా కరెంటును పోనివ్వదు.

ఆ వాటా ఎంత? కరెంటు తెలిస్తేగానీ వాటా తెలీదు, వాటా తెలిస్తేగానీ కరెంటు తెలీదు. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్నట్టు! ఈ ముడి విప్పడానికే రెసిస్టర్లను కలిపి ఒక్కటి చేసుకుంటాం. ప్యారలల్‌గా ఉన్న 6, 12 తీసుకో. లబ్ధం 72, మొత్తం 18, భాగిస్తే 4 ఓమ్‌లు. (ఈ లబ్ధం, మొత్తం కిటుకు రెండు రెసిస్టర్లకే పనికొస్తుంది. మూడింటికి కూడా అలాగే చేసి పంపినవాళ్ళ కాగితాలు చాలా చూశాను. మూడుంటే విలోమాలు కూడాల్సిందే.) ప్యారలల్ ఫలితం ఎప్పుడూ అందులో చిన్నదానికన్నా తక్కువే ఉండాలి. 6 కన్నా 4 తక్కువ, సరిపోయింది.

ఇక బ్యాటరీకి కనిపించేది 4, 4 కలిపి 8 ఓమ్‌లు. 12ని 8తో భాగిస్తే 1.5 ఆంపియర్లు. ఈ కరెంటంతా 4 ఓమ్‌ల గుండా పోక తప్పదు కాబట్టి అక్కడ 6 వోల్టులు ఖర్చవుతాయి. మిగిలింది 6 వోల్టులు. అవి ప్యారలల్‌లో ఉన్న రెండింటికీ ఒకటే. కాబట్టి 6 ఓమ్‌లలో 1 ఆంపియర్, 12 ఓమ్‌లలో 0.5. రెండూ కూడితే మళ్ళీ 1.5 రావాలి, వచ్చింది. ఈ కూడిక చూసుకోకుండా నాకు కాగితం ఇవ్వొద్దు.

దారులు రెండున్నాయి కదా అని 1.5ని చెరిసగం పంచేసినవాళ్ళూ ఉన్నారు. రెసిస్టెన్స్‌లు సమానమైతేనే అలా పంచాలి.

ప్రశ్న: అదే సర్క్యూట్లో 12 ఓమ్‌ల రెసిస్టర్ తీసేస్తే 6 ఓమ్‌ల దానిలో కరెంటేమీ మారదని నేనంటున్నాను. తీసేసినదాని 0.5 కూడా దీనికే వచ్చి 1.5 అవుతుందని మా అబ్బాయి. ఎవరిది రైటు?
- ఒక తండ్రి

జవాబు: ఇద్దరిదీ కాదండీ. పెరుగుతుందన్నంత వరకు అబ్బాయి మాట నిజం. లెక్క వేద్దాం: 4, 6 కలిపి 10 ఓమ్‌లు. కరెంటు 1.2 ఆంపియర్లు. 6 ఓమ్‌లలో 1 ఉన్నది 1.2 అయింది, బ్యాటరీ ఇచ్చేది మాత్రం 1.5 నుంచి 1.2కి పడిపోయింది.

బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని మీవాడు అనుకుంటున్నాడు. బ్యాటరీ దాదాపు స్థిరంగా ఉంచేది వోల్టేజిని. కరెంటు ఎంతన్నది మొత్తం సర్క్యూట్ తేలుస్తుంది. ఎక్కడ ఒక్క రెసిస్టర్ మార్చినా లెక్క మొదటి నుంచి వేయాలి. మీరన్న 'మారదు' కూడా ఊరికే పుట్టిన మాట కాదు. ఆ 4 ఓమ్‌లు లేకుండా రెండు రెసిస్టర్లూ నేరుగా బ్యాటరీకే తగిలి ఉంటే మీరే రైటు. రెండింటికీ ఉమ్మడి దారిలో రెసిస్టెన్స్ ఉండబట్టే ఒకదాని మార్పు రెండోదానికి తగిలింది. నిజమైన బ్యాటరీ లోపలా కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, తీగల్లోనూ ఉంటుంది. ఒక లైనులో ఎక్కువ కరెంటు లాగే మోటారు వేయగానే బల్బు క్షణంసేపు మసకబారేది ఇందుకే.

ప్రశ్న: బొమ్మ అడ్డదిడ్డంగా గీస్తే ఏది సిరీస్, ఏది ప్యారలలో తెలియక టెన్షన్ వస్తోంది. ఐదు రెసిస్టర్ల బ్రిడ్జి (రెండేసి రెసిస్టర్లున్న రెండు దారులు, వాటి నడుముల మధ్య అడ్డంగా ఐదోది) వస్తే మరీను.
- ఒక పాఠకుడు

జవాబు: బొమ్మ ఆకారాన్ని నమ్మకండి. తీగలు కలిసే చోట్లకు క, ఖ, గ అని పేర్లు పెట్టండి. మధ్యలో ఏ రెసిస్టరూ లేని తీగ ఎంత పొడవున్నా దానికంతటికీ ఒకటే పేరు. రెండు రెసిస్టర్ల రెండు కొసల పేర్లూ ఒకటైతే అవి ప్యారలల్. ఒక చోట రెండే రెసిస్టర్లు కలిసి, మూడో దారి లేకపోతే అవి సిరీస్.

బ్రిడ్జిలో ఈ రెండు రకాలూ దొరకవు. ముందు ఒక్కో దారిలోని రెండు రెసిస్టర్ల నిష్పత్తి చూడండి. రెండు దారుల్లోనూ అది సమానమైతే మధ్య రెసిస్టర్లో కరెంటు సున్నా, దాన్ని చెరిపేసి మామూలుగా లెక్క కట్టొచ్చు. దీన్ని వీట్‌స్టన్ బ్రిడ్జి అంటారు గానీ, వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త 1843లో ప్రచారంలోకి తేకముందే 1833లో క్రిస్టీ అనే మరో శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. నిష్పత్తులు కుదరకపోతే 1845లో కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త విద్యార్థిగా ఉండగానే చెప్పిన నియమాలే గతి: తీగలు కలిసే చోటికి వచ్చే కరెంటూ పోయే కరెంటూ సమానం, ఏ చుట్టు తిరిగొచ్చినా వోల్టేజిల మొత్తం సున్నా. మూడు తెలియని కరెంట్లు, మూడు సమీకరణాలు. కాస్త పెద్ద కాగితమే తీసుకోండి.