లైటు వెలుగుతోంది, రౌటర్ మాత్రం లేవట్లేదు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న (కావలి నుంచి): ఇంట్లో టీపీ-లింక్ ఆర్చర్ సీ7, వెర్షన్ 5 ఉంది. దాని సెట్టింగ్స్ పేజీలోంచి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్లో ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తుంటే సగంలో కరెంటు పోయింది. ఇప్పుడు పవర్ లైటు తప్ప ఏదీ వెలగదు. బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నారు షాపు వాళ్ళు. నిజంగా పోయినట్టేనా?

జవాబు: తొందరపడి కొనకండి. మధ్యలో కరెంటు పోతే పాడయ్యేది ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. దాన్ని లేపే చిన్న ప్రోగ్రామ్, అంటే బూట్‌లోడర్, ఫ్లాష్ చిప్‌లో వేరే భాగంలో ఉంటుంది. మామూలు అప్‌డేట్ ఆ భాగం జోలికి పోదు. రీసెట్ బటన్ నొక్కిపట్టి పవర్ ఇస్తే ఈ బూట్‌లోడర్ లాన్ తీగ మీదుగా ఒక ఫైల్ అడుగుతుంది. ఆ ఫైల్ అందిస్తే చాలు.

ముందు రౌటర్ కింద స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ మళ్ళీ చూసుకోండి. పెట్టె మీద ఉన్నది నమ్మొద్దు. వేరే కంప్యూటర్లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సైట్ తెరిచి సరిగ్గా మీ వెర్షన్‌కు ఇచ్చిన 'ఫ్యాక్టరీ' ఇమేజ్ దించుకోండి. పక్కనే ఉండే 'సిస్‌అప్‌గ్రేడ్' ఫైల్ ఇక్కడ పనికిరాదు, అది ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నడుస్తున్న రౌటర్‌కు. ఫైల్ చెడకుండా దిగిందో లేదో చెప్పే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ను కూడా సైట్‌లో ఉన్నదానితో సరిపోల్చుకోండి.

ఆ ఫైల్ పేరును 'ఆర్చర్‌సీ7వీ5_టీపీ_రికవరీ.బిన్' అని ఇంగ్లీషు అక్షరాల్లో (ArcherC7v5_tp_recovery.bin) మార్చాలి. ఆర్చర్‌లో మొదటి 'ఏ', ఏడుకు ముందున్న 'సీ' మాత్రమే పెద్దక్షరాలు. మిగతావన్నీ చిన్నవి, మధ్యలో ఖాళీలుండవు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: విండోస్ ఫైల్ పేరు చివరి ముక్కను దాచిపెడుతుంది కాబట్టి మీరు '.బిన్' కొడితే అసలు పేరు '.బిన్.బిన్' అవుతుంది. వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టి చూసుకోండి.

తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఈథర్‌నెట్‌కు ఐపీ 192.168.0.66, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి. టీఎఫ్‌టీపీడీ64 (లాన్ తీగ మీదుగా టీఎఫ్‌టీపీ పద్ధతిలో ఫైల్ అందించే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను, ఆ ఐపీని ఎంచుకోండి. పని అయ్యేదాకా ఫైర్‌వాల్ ఆపండి. తీగ రౌటర్ లాన్ పోర్టులోకి పోవాలి, వాన్‌లోకి (ఇంటర్నెట్ లైను పెట్టే పోర్టు) కాదు. రౌటర్ ఆపి, రీసెట్ నొక్కిపట్టి ఆన్ చేయండి. టీఎఫ్‌టీపీ విండోలో ఫైల్ అడిగినట్టు లైను పడగానే బటన్ వదిలేయండి. ఫైల్ పోవడం సెకన్ల పని, దాన్ని చిప్‌లో రాసుకోవడానికి మాత్రం కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో ముట్టుకోవద్దు. ఈసారి రౌటర్‌ను ఇన్వర్టర్ ప్లగ్గుకు పెట్టండి, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంచుకోండి.

లైను పడకపోతే? రౌటర్ ఆగి లేచేటప్పుడు లింక్ తెగుతుంది. విండోస్ మళ్ళీ ఐపీ పట్టుకునేలోపు బూట్‌లోడర్ అడిగేసి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒక చిన్న ఈథర్‌నెట్ స్విచ్ పెడితే ల్యాప్‌టాప్ వైపు లింక్ తెగదు. ఎక్కువసార్లు దీంతోనే పనవుతుంది. అప్పటికీ కాకపోతే తీగ మీద ఏం నడుస్తోందో చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ పెట్టి చూడండి. '192.168.0.66 ఎవరు' అని రౌటర్ అడుగుతున్న ఏఆర్‌పీ ప్యాకెట్ కనిపించిందంటే బూట్‌లోడర్ బతికే ఉంది, తప్పు మీ ఫైల్ పేరులోనో ఫైర్‌వాల్‌లోనో ఉంది.

లేచాక ల్యాప్‌టాప్ ఐపీని మళ్ళీ ఆటోమేటిక్‌కు మార్చి 192.168.1.1 తెరవండి. వైఫై పేరు కనబడలేదని కంగారు పడొద్దు, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో వైఫై మొదట ఆపేసే ఉంటుంది. రూట్ (ముఖ్య యూజర్) పాస్‌వర్డ్ పెట్టి, దేశం ఇండియా అని ఎంచుకుని, అప్పుడు ఆన్ చేయండి.

ప్రశ్న (కొత్తపట్నం నుంచి): రొయ్యల చెరువు కాడ షెడ్డులో కెమెరాల కోసం పెట్టిన పాత రౌటర్. లైట్లన్నీ వెలిగి, కాసేపటికి ఆరిపోయి, మళ్ళీ వెలుగుతున్నాయి. రీసెట్ నొక్కినా టీఎఫ్‌టీపీలో ఏమీ రావట్లేదు. సీరియల్ కేబుల్ తెప్పించా, ఎట్టా పెట్టాల?

జవాబు: కేబుల్ పక్కన పెట్టి ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఏరేటర్ మోటార్లు స్టార్టయ్యే లైను మీదే రౌటర్ ఉంటే వోల్టేజీ పడిపోతూ లేస్తూ అడాప్టర్ కెపాసిటర్లు ముందే అరిగిపోతాయి. మల్టీమీటర్‌తో ఊరికే చూస్తే 12 వోల్టులు బాగానే చూపిస్తుంది. రౌటర్ తగిలించాక చూడండి, పడిపోతుంటే అదే జబ్బు. మీరు చెప్పిన లక్షణం ఫర్మ్‌వేర్ కంటే దీనికే దగ్గరగా ఉంది. కొత్త అడాప్టర్‌లో వోల్టేజీ, పిన్ సైజు స్టిక్కర్ ప్రకారం ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు. మూత తీసినప్పుడు పవర్ సాకెట్ దగ్గర ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుము ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి.

అప్పటికీ లేవకపోతే సీరియల్, అంటే బూట్‌లోడర్ రాసే అక్షరాలను బోర్డు పిన్నుల నుంచి నేరుగా కంప్యూటర్లో చూడటం. మీ సీరియల్ కేబుల్ అడాప్టర్ చిప్ సీపీ2102 అయినా సీహెచ్340 అయినా సరే, 3.3 వోల్టుల సిగ్నల్‌కు పెట్టి ఉండాలి. 5 వోల్టులకు పెడితే రౌటర్ ప్రాసెసర్ కాలిపోవచ్చు. బోర్డు మీద వరసగా నాలుగు రంధ్రాలో పిన్నులో కనిపిస్తాయి. రౌటర్ ఆపి మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెడితే మెటల్ షీల్డుతో బీప్ ఇచ్చేది గ్రౌండ్. రౌటర్ ఆన్‌లో ఉండగా కదలకుండా 3.3 చూపేది వీసీసీ (కరెంటు పిన్ను), దానికి ఏమీ తగిలించకండి. ఆన్ చేయగానే మీటర్లో అంకెలు ఊగేది టీఎక్స్ (పంపే పిన్ను), మిగిలింది ఆర్‌ఎక్స్ (అందుకునే పిన్ను). గ్రౌండ్ గ్రౌండ్‌కి, రౌటర్ టీఎక్స్ అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కి, ఆర్‌ఎక్స్ టీఎక్స్‌కి. ఆ అక్షరాలు చూపించే పుట్టీ ప్రోగ్రామ్‌లో స్పీడు 115200 పెట్టండి. పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు తప్పో, గ్రౌండ్ సరిగా అంటుకోలేదో. అక్షరాలు వస్తున్నా మీరు కొట్టింది పోకపోతే, కొన్ని టీపీ-లింక్ బోర్డుల్లో ఆర్‌ఎక్స్ దారిలో రెసిస్టర్ వేయకుండా ఖాళీ వదిలేస్తారు, అక్కడ సోల్డర్‌తో కలపాలి.

యూ-బూట్ (బూట్‌లోడర్ పేరు) అని వచ్చి ఆగిందంటే ఆశ ఉంది. వోల్టేజీలు సరిగ్గా ఉండి ఒక్క అక్షరమూ రాలేదంటే బూట్‌లోడరే చెడి ఉండవచ్చు. ఇక ఫ్లాష్ చిప్‌కు క్లిప్పు తగిలించి, దాన్ని నేరుగా చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ పెట్టాలి. నల్ల రంగు సీహెచ్341ఏ బోర్డులు చాలావాటిలో డేటా పిన్నుల మీద 5 వోల్టులు వస్తాయి, అది సరిచేయకుండా వాడొద్దు. ఏదైనా రాసే ముందు చిప్ మొత్తం రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళూ ఒకేలా ఉన్నాయో లేదో చూసి దాచుకోండి. ఆ రౌటర్ రేడియోకు ఫ్యాక్టరీలో కొలిచి రాసిన క్యాలిబ్రేషన్ అందులోనే ఉంటుంది. దాన్ని చెరిపేస్తే వైఫై అసలు రాకపోవచ్చు, వచ్చినా బలహీనంగా ఉంటుంది. వేరే రౌటర్ నుంచి తెచ్చి పెట్టినా సరిపోదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి): ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో వీలాన్ (ఒకే రౌటర్ పోర్టులను వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీసే సెట్టింగ్) మారుస్తూ సేవ్ కొట్టాను. ఇప్పుడు ఏ పోర్టు నుంచీ లోపలికి పోలేకపోతున్నాను. మళ్ళీ ఫ్లాష్ చేయాలా?

జవాబు: అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు 192.168.1.2 ఇచ్చి రౌటర్ ఆన్ చేయండి. లైటు మిణుకుమిణుకుమనడం మొదలవగానే రీసెట్ నొక్కండి. మిణుకు వేగం పెరిగితే ఫెయిల్‌సేఫ్‌లోకి, అంటే మీ సెట్టింగులు పక్కన పెట్టి లేచే అత్యవసర మోడ్‌లోకి వచ్చినట్టే. ఎస్‌ఎస్‌హెచ్‌తో (కమాండ్లు కొట్టి రౌటర్‌లోకి వెళ్ళే దారి) 192.168.1.1కి రూట్‌గా వెళ్ళండి, పాస్‌వర్డ్ అడగదు. 'మౌంట్_రూట్' కొట్టి నెట్‌వర్క్ ఫైల్ దిద్దుకోవచ్చు. ఓపిక లేకపోతే 'ఫస్ట్‌బూట్', తర్వాత 'రీబూట్', సెట్టింగులన్నీ మొదటికొస్తాయి.

ప్రశ్న (కోవూరు నుంచి): పాత టీఎల్-డబ్ల్యుఆర్841ఎన్ ఒకటి, ఫైబర్ వాళ్ళిచ్చిన పెట్టె ఒకటి ఉన్నాయి. దేనికి ఎక్కించమంటారు?

జవాబు: రెంటికీ వద్దు. 841ఎన్‌లో ఎక్కువ వెర్షన్లకు ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. అలాంటివాటికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 19.07తోనే కథ ముగిసింది, ఇప్పుడు భద్రతా సవరణలు కూడా రావు. ఫైబర్ పెట్టె మీ సొత్తు కాదు, పైగా కంపెనీ ఎక్స్ఛేంజ్ దాని సీరియల్ నంబర్ చూసి లైను ఇస్తుంది. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లైనును మీ రౌటర్‌కు నేరుగా అందించేలా పెట్టమని కంపెనీని అడగండి. పీపీపీఓఈ (ఇంటర్నెట్ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ రాయించుకోండి. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్న రౌటర్ దొరికాక ఆ వివరాలు అందులో కొట్టుకోవచ్చు.