మాత్ర పెంచమని అడిగే ముందు

విజయనగరం

అమ్మలూ,

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి నాలుగు నెలలైనా నీకు నీరసం తగ్గలేదట. 50 మైక్రోగ్రాముల మాత్రని 75 చేయమని డాక్టర్ని అడుగుదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అడుగు, తప్పేం లేదు. కానీ అడిగే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చాలా ఏళ్ళుగా ఇదే మాత్ర మింగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ముందు నువ్వు మాత్ర ఎలా వేసుకుంటున్నావో చూసుకో. పరగడుపున అంటే నిజంగా పరగడుపునే. మన ఇళ్ళలో పొద్దున్నే జరిగేది నాకు తెలీదా? ఒక పక్క టీ మరుగుతూ ఉంటుంది, ఇంకో పక్క పిల్లాడి క్యారేజీ. మాత్ర నోట్లో వేసుకోవడం, వెనకే రెండు గుక్కల టీ తాగేయడం! అలా చేస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగు. మీ అత్తవారింట్లో పొద్దున చోడి (రాగి) అంబలి తాగుతారు కదా, అది మానక్కర్లేదు. చోళ్ళలో కాల్షియం ఎక్కువ కాబట్టి మాత్ర వెనకే కాకుండా ఇంకాస్త ఆలస్యంగా తాగు. కాల్షియం బిళ్ళలు, ఐరన్ బిళ్ళలు, గ్యాస్‌కి తాగే జెలూసిల్ లాంటి మందులైతే గంట కూడా చాలదు, నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఉపవాసం రోజైనా నీళ్ళతో మాత్ర వేసేసుకో, అమ్మవారేం అనుకోదు.

పొద్దున అస్సలు కుదరకపోతే రాత్రి అన్నం తిన్న మూడు గంటలకి, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. డాక్టర్‌కి ఒక మాట చెప్పి మార్చుకో. ఏదైనా ఒకటే వేళ పెట్టుకో. సీసా పొయ్యి గట్టు మీద ఉంచకు, వేడికీ తేమకీ మందు పాడవుతుంది. షాపతను "అదే మందమ్మా, కంపెనీ వేరు" అని ఇంకోటి చేతిలో పెడితే వెంటనే తీసేసుకోకు. మార్చక తప్పకపోతే ఆరు వారాల తర్వాత మళ్ళీ టెస్టు చేయించుకోవాలి.

ఈ మందు నిదానం. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిస్తేగానీ థైరాయిడ్ సరిపోతోందో లేదో చూసే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ అసలు సంగతి చెప్పదు. ఈలోగా పది రోజులకోసారి ల్యాబుకి పరిగెత్తడం డబ్బు దండగ. టెస్టు రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకో. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపు, లేకపోతే రిపోర్టు తప్పుగా వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా చేశావు, టీఎస్‌హెచ్ కూడా 0.4కీ 4కీ మధ్యకి వచ్చింది, అయినా మధ్యాహ్నానికి ఒళ్ళు తేలిపోతోందనుకో. అప్పుడు మాత్ర పెంచితే హుషారు రాదమ్మా. గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, నిద్ర పట్టదు. ఏళ్ళ తరబడి డోసు ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి. నీరసానికి వేరే కారణం వెతకాలి.

ఆడవాళ్ళకి ముందు చూడవలసింది రక్తం. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు నెలసరి ఎక్కువగా అవుతుంది, దాంతో ఒంట్లో ఐరన్ పోతుంది. తర్వాత థైరాయిడ్ సర్దుకున్నా, పోయిన ఐరన్ వెంటనే తిరిగి రాదు. అందుకని హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి "బాగానే ఉంది" అంటే ఊరుకోకు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమను. బి12, విటమిన్ డి, షుగర్ ఎలాగూ చూస్తారు. రాత్రి గురక పెడుతున్నావేమో మీ ఆయన్ని అడుగు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడేవాళ్ళకి ఎంతసేపు పడుకున్నా అలసట తీరదు.

నువ్వున్నది సోంపేట కాబట్టి ఇంకోటి. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు సంగతి నీకు కొత్త కాదు, అక్కడ ప్రతి వీధికీ తెలిసిందే. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. మొదట్లో నొప్పీ ఉండదు, పెద్దగా గుర్తులూ ఉండవు. కాబట్టి మిగతా టెస్టులతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, యూరిన్ టెస్టు కూడా చేయించుకో. థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నప్పుడు కూడా క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, మాత్రతో సర్దుకునే అవకాశం ఉంది. ఒక్క అంకె చూసి కంగారు పడి ఏడవకు, అలాగని థైరాయిడ్ వల్లేలే అని వదిలేయకు కూడా. మళ్ళీ చేయించి చూసుకో.

మీ అత్తగారు బద్ధకం అంటున్నారట. ఆవిడతో వాదనకి దిగకు, రిపోర్టు తెచ్చి మీ ఆయనకి చూపించు, ఆయన్ని చెప్పనీ. సాయంత్రం ఓ అరగంట నడువు. మొదటి వారం కాళ్ళీడ్చుకుంటూ నడిచినా సరే. ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది అనిపిస్తే అదీ డాక్టర్‌కి చెప్పు, దాచుకోకు. ధనియాల నీళ్ళు తాగితే తాగు, వాటిని నమ్ముకుని మాత్ర మాత్రం మానకు. థైరాయిడ్‌కి పడదని క్యాబేజీ మానేశావని విన్నాను, ఉడికించి మామూలుగా తింటే దానివల్ల ఏమీ కాదు.

రెండో బిడ్డ ఆలోచన ఉందన్నావు కదా. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, మొదటి చెకప్ దాకా ఆగకు. కడుపుతో ఉన్నప్పుడు సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది, తొలి నెలల్లో బిడ్డకి కూడా తల్లి థైరాయిడే ఆధారం. అప్పుడు వేసే ఐరన్, కాల్షియం బిళ్ళలకి కూడా నాలుగు గంటల లెక్కే.

రిపోర్టులు వచ్చాక ఫొటోలు తీసి పంపు. పాతవి కూడా, తేదీలు కనబడేలా.

మీ పిన్ని