చూసేవాళ్లే గానీ కొనేవాళ్లేరీ?

ప్రశ్న: నీటిరంగుల బొమ్మలు వేస్తాను. ఆర్ట్ మార్కెట్లో స్టాల్ పెడితే అందరూ "బాగున్నాయి" అనేసి వెళ్లిపోతున్నారు. అమ్ముడయ్యేవి చిన్న చిన్న పూల బొమ్మలే. ఇక జీవితాంతం పూలేనా?

జవాబు: పూలు పోతున్నందుకు సంతోషించండి, రంగుల ఖర్చైనా గిట్టుతుంది. కాకపోతే రోజంతా వాటికే ధారపోయకండి. నేనైతే పొద్దున్న వెలుతురు బాగున్న వేళ నాకు నచ్చింది వేసుకుంటాను. అమ్మకానివి మధ్యాహ్నం.

స్టాల్లో ధరలు రాసి పెట్టారా? అడగడానికి మొహమాటపడి కదిలిపోయేవాళ్లే ఎక్కువ. బొమ్మల్ని బల్ల మీద పరచకుండా కంటి ఎత్తులో నిలబెట్టండి. ఫోన్ చూస్తూ కూర్చోవద్దు, అలాగని మీద పడి వర్ణించనూ వద్దు. అక్కడే ఏదో ఒకటి వేస్తూ ఉండండి, జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు.

ఇంకో మాట, పూల గురించే. ఏ ఎరుపు వాడుతున్నారు? ట్యూబు మీద రంగు పదార్థం కోడ్ పీఆర్ 83 (PR 83) అని ఉంటే అది అసలైన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. చూడ్డానికి అద్భుతం, వెలుతురు తగిలితే మాత్రం వెలిసిపోతుంది. డచ్ చిత్రకారుడు వాన్ గోగ్ 1888లో వేసిన పడకగది బొమ్మలో గోడలు మొదట ఊదా రంగువి. అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. ఆయనకు చెల్లింది గానీ, మన దగ్గర కొన్నవాళ్లు ఊరుకుంటారా? పీవీ 19 (PV 19) అనే కోడ్ ఉండే క్వినాక్రిడోన్ రోజ్‌కు మారండి. నేరుగా ఎండ పడే గోడకు తగిలించొద్దని కొన్నవాళ్లకూ చెప్పి పంపండి.